ఇద్వల్‌తో పాటు దిగేవాళ్ళం

జనవరి 10, సోమవారం

రిహార్సల్ అయ్యాక ఎల్ఫెడ్ నన్ను "నెస్టా గారూ" అని పిలిచాడు. నలభై ఏళ్ళుగా ఈ పాటల బృందానికి పియానో వాయిస్తున్న నేను ఉత్త నెస్టానే. మా కార్యదర్శి నోట 'గారు' వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం, లేదా ఎవరినో సాగనంపాలనుకుంటున్నారని. ఈసారి బృందాన్నే సాగనంపుతున్నారు.

మార్చి మొదటి శనివారం జిల్లా పోటీ. అందులో మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి రాకపోతే, ఆ పై సోమవారం చేతులెత్తి ఓటు వేసుకుని, నాంట్‌వెర్న్ మగవాళ్ళ పాటల బృందాన్ని ఆబర్‌గ్లాస్ పట్నం వాళ్ళలో కలిపేస్తారట. కలపడమంటే ఏముంది, చెరువులో చెంబెడు నీళ్ళు పోయడమే. వాళ్ళు ఎనభై మంది. మేము ఇరవై ఇద్దరం. మాకు పాట నడిపించే హాప్కిన్ అక్టోబర్‌లో పోయాడు. అప్పటినుంచి "తాత్కాలికంగా" నేనే పియానో ముందు కూర్చుని, చేతులు ఖాళీ లేక గడ్డంతో తాళం చూపిస్తున్నాను.

"చివరి కార్యక్రమానికి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నామండీ. బృందం చరిత్ర. మీకంటే తెలిసినవాళ్ళెవరు?" అన్నాడు.

"చివరిదని ఎవరన్నారు?"

"ఒకవేళ."

"ఒకవేళకి కూడా పుస్తకాలేస్తారా?"

అట్ట బొమ్మ అప్పుడే గీయించి పెట్టాడు. 1897, ఒక గీత, 2011. సమాధి రాయి మీద చెక్కే గీత అది. చాపెల్ ప్రార్థన మందిరం వెనక గదిలో చలికి నా వేళ్ళు బిగుసుకుపోయాయి, లేకపోతే ఆ కాగితం అక్కడే చింపేదాన్ని.

రాస్తానన్నాను. రాస్తాను. అతను అడిగినట్టు మాత్రం కాదు.

జనవరి 11

వాన. కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

జనవరి 15, శనివారం

చరిత్ర మొదలుపెట్టాను. పాత పుస్తకాల్లో "దైవభక్తితో, సంగీతాభిమానంతో స్థాపించబడినది" అని ఉంటుంది. అబద్ధం. ఎవరో ముసలావిడ అంత్యక్రియల్లో పాడి, అటునుంచి అటే సారాయి కొట్టుకి పోయినందుకు చాపెల్ గాయకుల్లోంచి పదకొండు మందిని గెంటేశారు. ఆ పదకొండు మందే మా మూలపురుషులు. ఆ సారాయి కొట్టు మేడ మీదే మొదటి రిహార్సల్. మా తాత చెప్పేవాడు, దేవుడు కిందకి దిగి రావాలంటే మేడ మెట్లు ఎక్కాల్సి వచ్చిందని. పదేళ్ళ తర్వాత చాపెల్ వాళ్ళే పిలిచి వెనక గది ఇచ్చారు. అది అప్పుడూ కారేది, ఇప్పుడూ కారుతోంది.

1908లో గని పేలింది. మంద్రపు వరుసలో, అంటే అడుగు గొంతుల వాళ్ళలో, తొమ్మిది మంది పైకి రాలేదు. ఆర్నెల్ల తర్వాత పోటీ. మానేద్దామన్నారు కొందరు. మానలేదు. వెళ్ళి, ఆ తొమ్మిది మంది నిలబడే చోటు ఖాళీగా వదిలి పాడారు. న్యాయనిర్ణేత తీర్పులో ఏమన్నాడంటే, "కింది గొంతులు సరిగా వినిపించలేదు."

ఈ మాట ఎల్ఫెడ్ తీసేయమంటాడు. తీసెయ్యను.

నూట పద్నాలుగేళ్ళలో మాకు మొదటి బహుమతి రెండుసార్లే వచ్చింది. అందులో ఒకసారి ఆబర్‌గ్లాస్ వాళ్ళ బస్సు కొండ మీద ఆగిపోయింది. అయినా బహుమతి బహుమతే.

జనవరి 17, సోమవారం

మళ్ళీ శ్రుతి దిగింది.

పోటీకి 'కొండమీది దీపం' పాడుతున్నాం. మా మొట్టమొదటి గురువు కట్టిన పాట, ఇంకెవరూ పాడరు. మొదటి మూడు చరణాలూ ఉత్త గొంతులతో పాడాలి, నాలుగోదానికి పియానో అందుకోవాలి. చిక్కంతా అక్కడే ఉంది. పియానో లేకుండా పాడేటప్పుడు శ్రుతి నెమ్మదిగా కిందకి జారుతుంది, పాడేవాళ్ళకి తెలియదు. నాలుగో చరణం దగ్గర పియానో మోగగానే ఊరందరికీ తెలుస్తుంది.

జారడానికి కారణం ఇద్వల్ బాబాయ్. ఎనభై ఒకటి. పై గొంతుల వరుసలో ఎడమ చివర. మా నాన్నతో ఒకే గనిలో చేసినవాడు, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బాబాయే. గొంతు ఇంకా అందంగానే ఉంది, పైన నిలబడలేకపోతోంది అంతే. ఆయన జారితే పక్కవాళ్ళు జారతారు, వాళ్ళతో పాటు వెనక వరుసలు. ఒక్కడిని కింద వదిలేసి పైన పాడటం మావాళ్ళకి చేతకాదు.

"ఏంటయ్యా ఇది, అందరూ కలిసి నేలమాళిగలోకి పోతన్నారు!" అని అరిచాను.

"మా గనిలో పొగొస్తే అందరికంటే మెల్లగా నడిచేవోడే ముందుండాలి నెస్టా. వాడి అడుగే మిగతావాళ్ళ అడుగు," అన్నాడు బ్రిన్లీ. గని మూసేశాక శ్మశానంలో పనికి కుదిరాడు, అందుకని ఊళ్ళో గోతుల బ్రిన్లీ అంటారు.

"ఇది గని కాదు."

"కాదా?" అన్నాడు బ్రిన్లీ చుట్టూ చూసి. "చీకటిగా ఉంది, పైనించి నీళ్ళు కారతన్నాయి, కూలి లేదు. నేనింకా గనే అనుకుంటన్నా."

అందరూ నవ్వారు. ఇద్వల్ నవ్వలేదు.

బ్రిన్లీ ఇప్పుడు నిలబడేది ఇద్వల్ పక్కన, నాలుగేళ్ళ కిందట పోయేదాకా మా ఆయన వైన్‌ఫోర్డ్ నిలబడిన చోట. ఆ సంగతికీ దీనికీ సంబంధం లేదు.

జనవరి 20

నా దగ్గర ఉపాయం ఉంది. ఎవరికీ చెప్పను.

వాళ్ళు అర మెట్టు దిగితే నేనూ అర మెట్టు దించి వాయిస్తాను. చిన్న కచేరీల్లో ఎన్నిసార్లు చేయలేదు! వేళ్ళు ఒక మీట పక్కకి జరపడమే, మీటకీ మీటకీ మధ్య అర మెట్టే. వినేవాళ్ళకి ఏమీ తెలియదు. హాప్కిన్‌కే తెలిసేది, నా వైపు చూసి కన్ను కొట్టేవాడు.

మొదటినుంచే తక్కువ శ్రుతిలో ఎత్తుకోవచ్చు కదా అంటే, పోటీలో అచ్చు వేసిన స్వరాల కాగితంలో ఉన్న శ్రుతిలోనే మొదలుపెట్టాలి. మొదలు చూస్తారు. చివర చూడటం అంత తేలిక కాదు.

ఫిబ్రవరి 3, గురువారం

ఎల్ఫెడ్ ఇంటికొచ్చాడు. టీ ఇచ్చాను. పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష బిళ్ళలు పెట్టాను, రెండు తిన్నాడు. మూడోది చేతిలో పట్టుకుని అసలు మాట తీశాడు.

"ఇద్వల్‌ని ఈ ఒక్కసారికీ కూర్చోబెడదామండీ."

"కూర్చోబెడితే?"

"శ్రుతి నిలబడుద్ది. మూడో స్థానమన్నా వస్తది. బృందం మిగుల్తది. నేనేమీ ఆబర్‌గ్లాస్ వాళ్ళ మనిషిని కాదు నెస్టా. నువ్వు అట్లాగే అనుకుంటన్నావ్, నాకు తెలుసు. మా నాన్న, మా తాత ఈ గదిలోనే పాడారు. నాకు మాత్రం ఏడుపు రాదా?"

'గారు' పడిపోయింది. నిజం మాట్లాడుతున్నాడని అర్థం. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

"ఎవరు చెప్తారు ఆయనకి?"

"నువ్వు చెప్తే వింటాడు. బాబాయ్ అంటావ్ గదా."

"అందుకే చెప్పను."

"ఒక్క మనిషి కోసం ఇరవై ఒక్క మంది..."

"మా ఇరవై ఇద్దరిలో ఆ ఒక్క మనిషీ ఉన్నాడు ఎల్ఫెడ్. ఆయన్ని తీసేసి నిలబెట్టేది ఇంకో బృందం. దానికి ఏం పేరు పెట్టుకుంటావో పెట్టుకో."

బిళ్ళ తినకుండా పళ్ళెంలో పెట్టేసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "వైన్‌ఫోర్డ్ ఉంటే నా మాటే అనేవాడు," అన్నాడు.

తలుపు గట్టిగానే వేశాను.

ఫిబ్రవరి 4

అనేవాడు కాదు.

ఫిబ్రవరి 13, ఆదివారం

ప్రార్థన అయ్యాక ఇద్వల్ బాబాయ్ వచ్చాడు. తోటలో పండించిన ఉల్లికాడలు పాత పేపర్లో చుట్టి తెచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. పియానో మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నేను పాడను."

"ఎవరన్నారు? ఎల్ఫెడేనా? వాడి నాలుక..."

"ఎవడూ అన్లేదు. నాకు చెవుల్లేవా? పోయిన నెల పదిహేడో తారీకు నువ్వు అరిచినప్పుడే తెలిసింది ఎవరి మీద అరిచావో."

పియానో మీద కాగితాలు సర్దాను. అవి సర్దే ఉన్నాయి.

"మానను. మానితే ఊళ్ళో తెలుస్తది. కోటు ఏసుకుని నా చోట్లో నేను నిలబడతా. నోరు ఆడిస్తా, గొంతు రాదు. ఎవరికీ తెలవదు. ఏమంటావ్?"

"సిగ్గులేని పని అంటాను."

"యాభై ఎనిమిదేళ్ళు పాడా అమ్మాయ్. నా మూలంగా పోయిందనిపించుకోవడం కంటే సిగ్గా అది?"

"బాబాయ్, నోరు ఆడించడానికి చేపలున్నాయి. నువ్వు పాడు. మిగతాది నేను చూసుకుంటా. నా దగ్గర ఉపాయం ఉంది."

"నీ వేళ్ళు జరిపే ఉపాయమేనా? వైన్‌ఫోర్డ్ ఎప్పుడో చెప్పాడులే."

ఇద్దరం నవ్వాం. పాడతానని మాట ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు. ఉల్లికాడలు పులుసులో వేశాను. బాగున్నాయి. ఒక్కదాన్నే రెండు రోజులు తినాలి.

ఫిబ్రవరి 24, గురువారం

చరిత్రలో 1985 దాకా వచ్చాను. ఏడాది గని సమ్మె ఓడిపోయి మళ్ళీ పనిలోకి వెళ్ళిన పొద్దున ముందు బ్యాండు, వెనక మా బృందం, గని గేటు దాకా పాడుతూనే నడిచారు. ఓడినవాళ్ళలా ఒక్కడూ నడవలేదు. మేము ఆడవాళ్ళం రోడ్డు పక్కన చప్పట్లు కొట్టాం. బృందం వాళ్ళు పాడేటప్పుడు వేసుకునే ఆకుపచ్చ కోట్లు ఉతికింది మేమే, చిరుగులు కుట్టింది మేమే. ఇది కూడా రాస్తాను. ఇన్నేళ్ళ పుస్తకాల్లో ఒక్కదాంట్లో కూడా లేదు.

ఆ ఏడాదే గని మూశారు. బృందం మూతపడలేదు.

మార్చి 1

మా దేశపు సాధువు పండగ. గదిలో అందరికీ మాంసం పులుసు, రొట్టె. ఎవరూ శనివారం ఊసెత్తలేదు. బ్రిన్లీ నాలుగు గిన్నెలు తాగాడు.

మార్చి 5, శనివారం

రాయాలి. రాయకపోతే రేపటికి వేరేలా గుర్తుంటుంది.

అయిదు బృందాలు. ఆబర్‌గ్లాస్ వాళ్ళు మాకంటే ముందు పాడారు. బాగా పాడారు. వాళ్ళ గురించి అంతకంటే రాయను.

మావాళ్ళు మూడు వరుసలుగా నిలబడ్డారు. పియానో ఎడమ పక్కనే కాబట్టి ఇద్వల్ నాకు చెయ్యి చాస్తే అందేంత దూరం. శ్రుతి ఇచ్చాను. గడ్డం ఎత్తాను. మొదలుపెట్టారు.

మొదటి చరణం సగంలో తెలిసింది. ఇద్వల్ నోరు కదులుతోంది, మెడ నరాలు కదలడం లేదు. మాట నిలబెట్టుకున్నాడు ముసలాడు. శ్రుతి గోడ కట్టినట్టు నిటారుగా నిలబడింది. చరణం అయిపోయేసరికి ఒక్క వెంట్రుకవాసి కూడా జారలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పాట అంతా సరిగ్గా ఉంది, మావాళ్ళ పాట కాదు. ముందు వరుసలో ఆబర్‌గ్లాస్ వాళ్ళెవరో దూరి పాడుతున్నట్టుంది.

ఎల్ఫెడ్ ముఖం చూశాను. వెలిగిపోతోంది. పాపం.

చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునే చోట బ్రిన్లీ మోచేత్తో ఇద్వల్‌ని పొడిచాడు. పెదవులు కదపకుండా మాట్లాడటం గనివాళ్ళకి వచ్చు, కానీ నాకు వినిపించింది.

"పాడవయ్యా."

ఇద్వల్ తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు పాడితేనే నేను."

రెండో చరణం మొదలైంది. బ్రిన్లీ నోరు మూసుకున్నాడు! అంత మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని పక్కవాడు ఓరకంట చూశాడు, వాడూ మూశాడు. ఆ పక్కవాడూ అంతే. చూస్తూ ఉండగా పై గొంతుల వరుస మొత్తం ఆగిపోయింది. పాటకి తల లేదు. హాల్లో జనం కుర్చీల్లో కదిలారు. అయినా నిజం రాసుకుంటాను, ఆ క్షణంలో నాకు ఈల వేయాలనిపించింది.

ఇద్వల్ ముఖం కందగడ్డ అయింది. జీవితంలో అంత కోపంగా ఎవరూ పాట ఎత్తుకుని ఉండరు. ఎత్తుకున్నాడు. వెంటనే బ్రిన్లీ, వెంటనే వరుస, మొత్తం బృందం ఆయన చుట్టూ చేరిపోయింది.

ఇక జారారు. ఈసారి తెలియక కాదు. తెలిసి, కావాలని, ఆయన అడుగు వెనకే తమ అడుగు వేసుకుంటూ దిగారు. ఎల్ఫెడ్ చెవి బంగారం, పైన నిలబడగలిగేవాడు ఒక్కడుంటే అతనే. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత అతనూ దిగాడు. నేను విన్నాను.

మూడో చరణం చివర నా ఉపాయం కోసం వేళ్ళు సిద్ధం చేసుకున్నాను. అర మెట్టు దిగి ఉంటారనుకున్నాను. లేరు. అర మెట్టు దాటారు, ముప్పావు దగ్గర ఆగారు. ఒక మీటకీ పక్క మీటకీ సరిగ్గా నడుమ. ఆ శ్రుతి నా పియానోలోనే లేదు, ఏ పియానోలోనూ ఉండదు. పైది నొక్కినా, కిందది నొక్కినా వాళ్ళని పదిమందిలో తప్పు పట్టినట్టే.

నాలుగో చరణం. పియానో అందుకోవాలి. అందరి కళ్ళూ నా మీదే.

చేతులు తీసేశాను. మూత వేశాను. చప్పుడు హాలంతా వినిపించింది, వినిపించనీ. లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తాను. గడ్డంతో కాదు, చేతులతో. నలభై ఏళ్ళలో మొదటిసారి.

పాడారు. ఎలా పాడారో నాకు రాయడం రాదు. నేను ఏడుస్తూనే తాళం వేశాను.

అయిదో స్థానం. న్యాయనిర్ణేత మర్యాదగానే చెప్పింది. "ఈ బృందం ఒక శ్రుతిలో మొదలై వేరొక శ్రుతిలో ముగించింది. పియానో వాయించవలసిన చోట వాయించలేదు." రెండూ నిజమే.

బస్సులో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కొండ దాకా వచ్చాక బ్రిన్లీ, "బస్సు ఆగిపోలేదు, అదే సంతోషం," అన్నాడు. ఇద్వల్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మార్చి 6

వైన్‌ఫోర్డ్ ఉంటే ఇద్వల్ గొంతు జారేది కాదు. పక్కనుంచి తన గొంతు ఆనించి పట్టుకునేవాడు. ఇన్నాళ్ళూ సంబంధం లేదని రాశాను. ఉంది. అంతా ఉంది.

మార్చి 7, సోమవారం

ఓటు.

పియానో వాళ్ళకి ఓటు లేదు, మొదటినుంచీ అంతే. పియానో దగ్గర కూర్చున్నాను. ఇరవై ఇద్దరూ వచ్చారు. బయట వాన, లోపల బకెట్టులో వాన.

ఎల్ఫెడ్ లేచాడు. ముఖం పీక్కుపోయి ఉంది. "అనుకున్న ప్రకారం స్థానం రాలేదు. మాట ప్రకారం ఓటు పెడుతున్నాను. ఆబర్‌గ్లాస్ బృందంలో కలవడానికి ఇష్టపడేవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేచింది. ఇద్వల్‌ది.

ఎవరి వైపూ చూడలేదు. గోడ వైపు చూస్తూ, చెయ్యి నిటారుగా ఎత్తి కూర్చున్నాడు. నేను నోరు తెరవబోయాను. ఓటు లేనిదానివి, నోరు ముయ్యి అని నాకు నేనే చెప్పుకున్నాను.

"ఒకటి," అన్నాడు ఎల్ఫెడ్. "ఒద్దనేవాళ్ళు?"

బ్రిన్లీ చెయ్యి లేచింది. తర్వాత ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలియదు. వరుసలు వరుసలుగా లేచాయి. ఎల్ఫెడ్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో లెక్కపెడుతున్నాడు, ఎందుకంటే కుడిచెయ్యి పైకెత్తి ఉంది.

లెక్క ఇద్వల్ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇద్వల్, నీ చెయ్యి ఇంకా పైనే ఉంది."

"తెలుసు."

"అంటే ఏ ఓటు?"

ఇద్వల్ అప్పుడు తల తిప్పాడు. గదిలో ఉన్న చేతులన్నీ ఒక్కొక్కటే చూశాడు. చెయ్యి దించలేదు.

"కళ్ళు లేవంట్రా నీకు? లెక్కెయ్యి," అన్నాడు.

ఎల్ఫెడ్ ఆ చేతినీ వద్దన్నవాళ్ళలోనే లెక్కేశాడు, మొత్తం ఇరవై రెండు. మావాళ్ళు చప్పట్లు కొట్టే రకం కాదు. ఎవడో దగ్గాడు, ఎవడో ముక్కు చీదాడు, కుర్చీలు జరిపి ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు.

"ఇంకేంటమ్మాయ్ చూస్తన్నావ్, శ్రుతియ్యి," అన్నాడు ఇద్వల్ బాబాయ్.

ఇచ్చాను. అచ్చులో ఉన్నదానికి రెండు మెట్లు కిందకి ఇచ్చాను. ఇది పోటీ కాదు, మా గది.

వెనకనుంచి మంద్రం వాళ్ళు గోల పెట్టారు. "ఏందమ్మా ఇది! ఇంత కిందకి ఎట్టా దిగాలి?"

"గనివాళ్ళేగా," అన్నాను. "తవ్వండి."